సర్పి మానాక మిగిలిన మంట: మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం మహారాణిపేటలో, కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) నడిచిపోయేంత దూరంలో, మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఇరవై రెండేళ్ళయింది. జ్వరం మాత్రలు కొన్నవాళ్ళ మొహాలు వారం తిరిగేసరికి మర్చిపోతాను. సర్పి (ఒంటికి ఒక పక్క నరం వెంట నీటి పొక్కులు లేచే జబ్బు, ఇంగ్లీషులో షింగిల్స్) వచ్చి తగ్గినవాళ్ళని మర్చిపోవడం కుదరదు. నెలల తరబడి వస్తూనే ఉంటారు. "పుండు మానిపోనాది బాబూ, మంటే పోలేదు" అంటూ చొక్కా ఎత్తి చూపిస్తారు. చూస్తే అక్కడ పాత మచ్చలు తప్ప ఏమీ ఉండదు. పక్కన నిలబడ్డ కొడుకో కోడలో నా వైపు చూసి కళ్ళతోనే "అంతా ఊహ" అన్నట్టు సైగ చేస్తారు. ఈ పేజీ ముఖ్యంగా ఆ కొడుకుల కోసం, ఆ కోడళ్ళ కోసం.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. మందుల మోతాదులు మీ చీటీ మీకు అర్థం కావడానికి రాశాను, చీటీ లేకుండా కొనుక్కోవడానికి కాదు.

సర్పి అంటే ఏమిటి? చిన్నప్పుడు పోసిన ఆటలమ్మకీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, రెండూ ఒకే వైరస్. పేరు వారిసెల్లా జోస్టర్. ఆటలమ్మ పోసినప్పుడు పొక్కులు ఎండిపోతాయి, వేపాకు నీళ్ళు పోస్తాం, అమ్మవారికి చలివిడి పెట్టి సాగనంపేశాం అనుకుంటాం. ఆ తల్లి పూర్తిగా వెళ్ళదు. వెన్నుపూసకి రెండు పక్కలా నరాల మొదళ్ళలో చిన్న చిన్న ముడులుంటాయి. వైరస్ వాటిలోకి చేరి యాభై అరవై ఏళ్ళు నిద్రపోతుంది. వయసు మీద పడినప్పుడో, షుగరు, కాన్సరు మందులు, స్టెరాయిడ్ల వంటివాటి వల్ల ఒంట్లో కాపలా సడలినప్పుడో నిద్ర లేచి, ఆ నరం వెంటే బయలుదేరి చర్మం దాకా వస్తుంది. బయటినుంచి కొత్తగా ఏదీ రాదు, ఇంట్లో దాక్కున్న దొంగే తలుపు తీస్తాడు. దీన్ని వాదించి నిలబెట్టింది ఎడ్గర్ హోప్ సింప్సన్ అనే మామూలు ఊరి డాక్టరు. ఇంగ్లండులో తన దగ్గరికొచ్చిన రోగుల వివరాలు ఏళ్ళ తరబడి రాసిపెట్టుకుని 1965లో ప్రచురించాడు. పెద్ద ప్రయోగశాల ఏమీ లేదు, నోటు పుస్తకాలే. నాకు ఆయనంటే అందుకే ఇష్టం.

ఒక నరం ఏలే పట్టీ మీదే పొక్కులు వస్తాయి కాబట్టి సర్పి ఒక పక్కనే ఉంటుంది. ఎక్కువగా ఛాతీ, డొక్క, నడుము. తర్వాత నుదురు, కన్ను.

తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందంటారు కదా?

పాము నడుము చుట్టూ తిరిగి తోకని అందుకుంటుందని మా అమ్మమ్మ కూడా అనేది. కుడి పక్క చర్మాన్ని కుడి నరమే ఏలుతుంది, ఎడమ పక్కని ఎడమ నరం. అందుకే పొక్కులు నడిమధ్యన గీత గీసినట్టు ఆగిపోతాయి. రెండు పక్కలా, లేదా ఒళ్ళంతా వచ్చాయంటే మాత్రం రోగనిరోధక శక్తి బాగా పడిపోయిందేమో చూడాలి. అప్పుడు ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు.

చర్మం మానిపోయాక నొప్పి ఎందుకు మిగులుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళింది గుర్తుందా? గాలి ఒక్క రోజులో ఆగిపోయింది. తర్వాత కరెంటు తిరిగొచ్చినప్పుడు కొన్ని ఇళ్ళలో లైటు వెలగలేదు, కొన్ని ఇళ్ళలో స్విచ్ ముట్టుకుంటే షాక్. తుఫాను పోయింది గానీ తీగలు పాడైపోయాయి. సర్పి చేసేదీ అదే. వైరస్ నరం వెంట వచ్చేటప్పుడు నరాన్నీ దాని మొదట్లో ఉన్న ముడినీ వాపెక్కించి, కొన్ని పోగుల్ని చంపేస్తుంది. మిగిలిన పోగులు ఎవరూ పిలవకుండానే మెదడుకి కబుర్లు పంపుతుంటాయి. ఆ గోల వినీ వినీ వెన్నుపాము కూడా చెవి రిక్కించుకుని కూర్చుంటుంది. చీర కొంగు తగిలినా "నిప్పు" అని పైకి చెబుతుంది.

అందుకే ఒకే చోట రెండూ ఉంటాయి. సూదితో గుచ్చినా సరిగ్గా తెలియదు, దూదితో రాస్తే మాత్రం ప్రాణం పోతుంది. ఇది విని నమ్మని డాక్టరు ఉండడు, నమ్మని చుట్టాలు చాలామంది ఉంటారు.

పొక్కులు వచ్చి మూడు నెలలు దాటాక కూడా ఈ నొప్పి నిలిచిపోతే దానికి వైద్యంలో వేరే పేరుంది, పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా. చీటీ మీద పీహెచ్ఎన్ అని కనిపిస్తే ఇదే. సర్పి వచ్చినవాళ్ళలో పదింట ఒకరికి పైగా దీని పాలపడతారు. వయసు అరవై దాటినవాళ్ళు, మొదటి రోజుల్లోనే నొప్పి భరించలేనంతగా ఉన్నవాళ్ళు, పొక్కులు దట్టంగా వచ్చినవాళ్ళు, కన్ను నుదురు మీద వచ్చినవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

పొక్కులు రాకముందే నొప్పి మొదలవుతుందా?

అవుతుంది, రెండు మూడు రోజుల ముందే. అక్కడే అందరం బోల్తా పడతాం. నేనూ పడ్డాను.

2019 రోహిణి కార్తెలో మా అమ్మ కుడి డొక్కలో పొడుస్తోందంది. గ్యాస్ అనుకుని నేనే సిరప్ ఇచ్చాను. మర్నాడు ఈసీజీ తీయించాం, బాగుందన్నారు. మూడోనాడు వీపు మీద ఎర్రగా పేలింది. విశాఖ ఉక్కపోతలో చెమటకాయలు రానిదెవరికి? పౌడరు చల్లాను. అలా పేలిన అయిదో రోజు రాత్రి అమ్మ జాకెట్టు హుక్కు పెట్టుకోలేక కూలబడి, "ఒరే నానా, బట్ట తగిల్తే నిప్పుకణిక పెట్టినట్టుందిరా" అన్నాక లైటు వేసి సరిగ్గా చూశాను. వెన్ను దగ్గర మొదలై రొమ్ము కింద దాకా, ద్రాక్ష గుత్తుల్లా నీటి పొక్కులు, నడి గీత దగ్గర ఆగిపోయి. మందులమ్మే ఇంట్లోనే, ఇవ్వాల్సిన మందు ఇవ్వాల్సిన రోజు దాటిపోయింది. తప్పు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి యాభై దాటిన వాళ్ళకి ఒక పక్కనే కొత్తగా మంట, పొడుపు, ముట్టుకుంటే జివ్వుమనడం ఉంటే రోజూ ఆ చోట చొక్కా విప్పి చూడండి. గుండెపోటు అనుమానం ఉంటే మాత్రం ముందు ఈసీజీయే. సర్పి కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

మొదటి మూడు రోజుల్లోపు మొదలుపెట్టాల్సిన మందు ఏమిటి?

ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్. మూడింట్లో ఏదో ఒకటి. పొక్కు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ గడువు దాటినా కొత్త పొక్కులు వస్తూనే ఉన్నా, కంటి దగ్గర ఉన్నా డాక్టర్లు ఇస్తారు. ఎసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి 5 సార్లు, వారం రోజులు. అంటే 35 మాత్రలు. వాలాసైక్లోవిర్ 1 గ్రాము మాత్ర రోజుకి 3 సార్లు, 21 మాత్రలు.

లెక్క ఎందుకు చెప్పానంటే, 35 రాసిన చీటీ పట్టుకొచ్చి "ముందు ఒక పది ఇయ్యి, తగ్గకపోతే మళ్ళీ వస్తా" అనేవాళ్ళు చాలామంది. పది మాత్రలంటే రెండు రోజులు. రెండు రోజులకి పొక్కులు తగ్గినట్టు కనిపిస్తాయి, తిరిగి రారు. ఎసైక్లోవిర్ క్రీము ఒక్కటే పూసుకుంటే చాలనుకునేవాళ్ళు ఇంకొందరు. వైరస్ నరంలో ఉంటే క్రీము చర్మం మీద ఉంటుంది, రెండూ కలుసుకోవు.

దాచకుండా చెప్పాలి: ఈ మందు పొక్కుల్ని తొందరగా ఆర్పుతుంది, ఆ రోజుల నొప్పిని తగ్గిస్తుంది. నెలల తర్వాతి నొప్పి రాకుండా ఆపుతుందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. స్టెరాయిడ్లూ ఆపవు. అయినా ఈ వైరస్ మందు వేసుకోవాల్సిందే. ఎసైక్లోవిర్ తయారైన ప్రయోగశాలలో పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది, అంత పనికొచ్చే మందు.

పసరు పూయించాం, మంత్రం వేయించాం. తప్పా?

మంత్రానికి నాకేం అభ్యంతరం లేదు, మాత్ర వేసుకుని వెళ్ళండి. పసరుతో వేరే కష్టం ఉంది. పచ్చి పొక్కు మీద ఆకు రసం, సున్నం, పేడ పూస్తే చీము పడుతుంది, మచ్చ లోతుగా పడుతుంది. దానికంటే పెద్ద నష్టం, పసరు మూడు సార్లు పూయాలంటారు, ఆ మూడు సార్లకీ 72 గంటలు అయిపోతాయి.

పథ్యం చేయాలా? చేపలు మానేయాలా?

వంజరం పులుసు తిన్నందుకు సర్పి పెరగదు. వంకాయ, గోంగూర, చేప మానేస్తే నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. షుగరున్న ముసలామెకి చప్పిడి గంజి పోసి పడుకోబెట్టి, షుగరు మాత్రలు మాత్రం మామూలుగా వేస్తుంటే ఆమె కళ్ళు తిరిగి పడిపోతుంది. స్నానం చేయించండి, మామూలు తిండి పెట్టండి.

ఇది అంటుకుంటుందా? ఇంట్లో పసిపిల్లలున్నారు.

సర్పి నుంచి సర్పి అంటుకోదు. కానీ పొక్కుల్లోని నీరు తగిలితే, ఇంతవరకూ ఆటలమ్మ రాని, టీకా పడని వాళ్ళకి ఆటలమ్మ రావచ్చు. గర్భిణులు, పసిపిల్లలు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, సుమారు వారం పది రోజులు, బట్టతో కప్పి ఉంచితే చాలు. తర్వాత మిగిలే నొప్పి ఎవరికీ అంటదు. మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు.

పారాసెటమాల్, డైక్లో వేసుకుంటున్నా తగ్గడం లేదు. డోసు పెంచాలా?

పెంచకండి. ఆ బిళ్ళలు మామూలు నొప్పులకి, వాపు నొప్పులకి. ఇది తీగ పాడైన నొప్పి. పొక్కులున్న రోజుల్లో కొంత ఊరటనిస్తాయి, తర్వాత దాదాపు ఏమీ చేయవు. డైక్లో లాంటివి కిడ్నీలకి మాత్రం చేయాల్సిన చెడు చేస్తాయి. మా కౌంటరుకి ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట, పలాస వైపునుంచి కేజీహెచ్‌కి వచ్చినవాళ్ళు వస్తుంటారు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. అక్కడివాళ్ళెవరైనా నొప్పి బిళ్ళలు ఊరికే అడిగితే నేను ముందు క్రియాటినిన్ రిపోర్టు అడుగుతాను. తిట్టుకుంటారు, పర్వాలేదు.

మరి ఏ మందులు పనిచేస్తాయి?

ఇవి మామూలుగా నొప్పి మందులుగా పుట్టినవి కావు, అందుకే చీటీ చూసి జనం కంగారు పడతారు. గాబాపెంటిన్ మూర్ఛ మందు. ప్రీగాబాలిన్ దాని చుట్టం. అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ దిగులు జబ్బుకి వచ్చిన మందులు. "మా నాన్నకి మూర్ఛ లేదు, పిచ్చి లేదు, ఇదెందుకు రాశారు?" అని ఒకాయన చీటీ నా మొహాన విసిరినంత పని చేశాడు. గోలచేసే నరాన్ని సద్దుమణిగించడం ఈ మందులకి తెలిసిన పని. నొప్పికి వాడేటప్పుడు మోతాదు కూడా వేరు. అమిట్రిప్టిలిన్ దిగులుకి వాడేదానికంటే బాగా తక్కువ, రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు.

గాబాపెంటిన్ రాత్రికి 300తో మొదలై మెల్లగా పెరుగుతుంది. రోజుకి 1800 దాకా, అవసరమైతే ఇంకా పైకి. మొదటి స్ట్రిప్ అయిపోగానే "పనిచేయలేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. మోతాదు చేరాల్సినచోటికి చేరడానికీ, ఫలితం కనిపించడానికీ కలిపి మూడు నాలుగు వారాలు పడుతుంది. పదిమంది వాడితే ముగ్గురికి సుమారుగా సగం పైన తగ్గుతుంది, ఇంకొందరికి కొంత. పూర్తిగా సున్నా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మా అమ్మ లెక్క బాగుండేది: "నొప్పి పోలేదురా, పక్క గదిలోకెళ్ళింది."

చీటీ తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. మొదటి వారం మత్తుగా, తూలుతున్నట్టు ఉంటుంది. అర్ధరాత్రి బాత్రూముకి లేచేటప్పుడు లైటు వేసుకుని, ఒక నిమిషం మంచం మీద కూర్చుని లేవాలి. తుంటి ఎముక విరిగితే సర్పి నొప్పి చిన్నదైపోతుంది. ప్రీగాబాలిన్‌తో కాళ్ళ వాపు, బరువు రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం, ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్ళకి మూత్రం బిగుసుకోవడం. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె లయ జబ్బు ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. కిడ్నీ బాగా లేనివాళ్ళకి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎసైక్లోవిర్ మోతాదులు తగ్గించాలి, లేకపోతే ఒంట్లో పేరుకుని మనిషి తికమకపడి మాట్లాడతాడు. నిద్రమాత్రలు, మద్యం ఈ బిళ్ళలతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఇంకొక చిన్న సంగతి: గ్యాస్‌కి తాగే తెల్ల సిరప్ గాబాపెంటిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. సిరప్ తాగాక రెండు గంటలాగి మాత్ర వేసుకోండి.

నరాల ఇంజెక్షను వేయించుకుంటే?

"నరాల వీక్‌నెస్‌కి" అని ఎర్రటి ఇంజెక్షను వేస్తారు కదా, అది బీ12. బీ12 తక్కువగా ఉన్నవాళ్ళకి అది నిజంగా మందే. శాకాహారులు, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. బీ12 బాగానే ఉన్న మనిషికి పది ఇంజెక్షన్లు పొడిచినా సర్పి మంట తగ్గదు. ప్రీగాబాలిన్‌తో బీ12 కలిపిన బిళ్ళలు మార్కెట్ నిండా ఉన్నాయి. వాటిలో పనిచేసేది ప్రీగాబాలిన్. అదొక్కటే ఉన్న జనరిక్ రాయమని డాక్టరుని అడగండి, జన ఔషధి షాపులో ఖర్చు బాగా తగ్గుతుంది. నా బేరం పోతుంది, అయినా చెబుతున్నాను.

ప్లాస్టర్ లాంటిది అంటించుకుంటే తగ్గుతుందా? మిరపకాయ మందు ఉందంటారు?

రెండూ ఉన్నాయి. లిడోకెయిన్ 5 శాతం ప్యాచ్ చర్మాన్ని మొద్దుబార్చుతుంది. పొక్కులు పూర్తిగా మానిన చర్మం మీదే అంటించాలి. 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయాలి. నొప్పి ఉన్నంత మేర కత్తెరతో కత్తిరించుకోవచ్చు. ఒంట్లోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి మాత్రలు పడని పెద్దవాళ్ళకి మంచిది. మన ఊళ్ళో దీనికి శత్రువు చెమట. మా అమ్మకి మధ్యాహ్నం అంటిస్తే సాయంత్రానికి చీరకి అంటుకునేది. చివరికి రాత్రి స్నానం చేసి, ఫ్యాను కింద ఒళ్ళు ఆరాక అంటించి, పొద్దున్న తీసేయడం అలవాటు చేశాం. నిద్ర కూడా పట్టింది.

మిరపకాయ మందంటే కాప్సైసిన్, మిరపలో కారం పుట్టించే పదార్థమే. వేడినీ కారాన్నీ నరం ఒకే తలుపులోంచి గుర్తుపడుతుందని డేవిడ్ జూలియస్ 1997లో కనిపెట్టాడు, 2021లో నోబెల్ అందుకున్నాడు. మిరపకాయ కొరికితే "వేడి" అని ఎందుకనిపిస్తుందో గుంటూరువాళ్ళకి ఇప్పుడు శాస్త్రం తోడొచ్చింది. ఆ తలుపుని పదేపదే తట్టి తట్టి అలసిపోయేట్టు చేయడమే ఈ మందు పని. క్రీము రోజుకి మూడు నాలుగు సార్లు రాయాలి. మొదటి వారం మంట పెరుగుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. రాసిన చేత్తో కళ్ళు ముట్టుకోకూడదు. 8 శాతం ప్యాచ్ ఆసుపత్రిలోనే వేస్తారు. ఇంట్లో కారప్పొడి నూనెలో కలిపి రాసుకున్నాయన ఒకరు వచ్చారు. కాలిన గాయాలకి మందు ఇచ్చి పంపాను.

ఇవేవీ లొంగకపోతే నొప్పి వైద్యం చేసే మత్తు డాక్టర్లు నరాన్ని మొద్దుబార్చే బ్లాక్ ఇంజెక్షను ఇస్తారు.

బట్టలు వేసుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఆడవాళ్ళు గట్టిగా అడగరు. మగాళ్ళు బయటికి వెళ్ళేదాకా ఆగి అడుగుతారు. నడుము మీద సర్పి వస్తే లంగా బొందు, రొమ్ము కింద వస్తే జాకెట్టు, బాడీ. మగవాళ్ళకి మొలతాడు, బెల్టు. పైపైన రాసుకునే బట్టే ఎక్కువ బాధిస్తుంది, గట్టిగా అదిమి ఉంచిన బట్ట అంతగా బాధించదు. చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే హాయిగా ఉందనేది అందుకే. కాబట్టి వదులు చొక్కా కంటే, ఒంటికి అతుక్కుని కదలని మెత్తటి నూలు బనియను కొందరికి నయం. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర చింపి పట్టీలా చుట్టుకుని దానిమీద లంగా కట్టుకుంటే మా అమ్మకి కుదిరింది. గంజి పెట్టిన చీరలు, జరీ అంచులు బీరువాలోనే ఉండనివ్వండి. బస్సులో కిటికీ గాలి కూడా కొందరికి పడదు. చల్లటి తడిగుడ్డ మంచిదే, ఐసు ముక్క నేరుగా పెట్టకండి. మొద్దుబారిన చోట చర్మం దెబ్బతిన్నా తెలియదు.

కంటి దగ్గర వచ్చింది. కళ్ళ డాక్టరుకి చూపించాలా?

ఆ రోజే. నుదురు మీద, రెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే కన్ను ప్రమాదంలో ఉన్నట్టు. ముక్కు కొనకీ కనుగుడ్డుకీ ఒకే నరం కొమ్మ వెళుతుంది. కన్ను ఎర్రబడేదాకా ఆగితే కనుగుడ్డు ముందు పొర మీద మచ్చ పడొచ్చు. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ ఉంది. చెవిలో పొక్కులొచ్చి, మూతి వంకరపోతే అదీ ఆ రోజే వెళ్ళాల్సిన పని.

మామూలు సర్పికి చర్మవ్యాధుల ఓపీ చాలు. నెలలు గడిచిన నొప్పికి న్యూరాలజీ. 1923 నుంచి ఉన్న మన కేజీహెచ్‌లో రెండూ ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోండి, వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళండి.

నాకు సర్పి రాలేదు. చికున్‌గున్యా వచ్చి ఏడాదైంది, ఇప్పటికీ నొప్పులే. ఇదీ నరాల నొప్పేనా?

2006లో మన రాష్ట్రమంతా చికున్‌గున్యాతో వంగిపోయి నడిచింది, మర్చిపోలేం. ఆ పేరుకి అర్థమే ఒంగిపోవడం, ఆఫ్రికాలో మకోండే భాష మాట. అది ముఖ్యంగా కీళ్ళ నొప్పి. పొద్దున్నే వేళ్ళు బిగుసుకోవడం, మడమలు, మణికట్లు వాయడం ఉంటే కీళ్ళ డాక్టరుని చూడాలి. కొందరిలో నరాల నొప్పి కూడా కలుస్తుంది. తేడా పట్టుకోవడానికి డాక్టర్లు అడిగే ప్రశ్నలు మీరూ వేసుకోవచ్చు: మంటలా ఉందా, గడ్డకట్టిన చలిలా నొప్పా, కరెంటు షాకులా కొడుతుందా, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, తిమ్మిరి, దురద ఉన్నాయా? డాక్టరు వాటికి తోడు దూదితో, సూదితో మూడు పరీక్షలు చేస్తారు. మొత్తం పదింట నాలుగు అవునంటే నరాల నొప్పి అని అనుమానిస్తారు.

కోవిడ్ తర్వాత అరికాళ్ళు మండుతున్నాయి. నరాల పరీక్షలో ఏమీ లేదన్నారు.

కరెంటు పెట్టి చేసే నర్వ్ కండక్షన్ పరీక్ష లావు నరాల్ని చూస్తుంది. మంటనీ వేడినీ మోసేవి సన్నపోగులు, అవి ఆ పరీక్షకి దొరకవు. రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన మీరు అబద్ధమాడుతున్నట్టు కాదు. చర్మం చిన్న ముక్క తీసి సన్నపోగులు లెక్కపెట్టే పరీక్ష ఉంది. దానికి ముందు షుగరు, బీ12, థైరాయిడ్ చూడాలి. మన ఊళ్ళో మండే అరికాళ్ళు పట్టుకొచ్చే చాలామందికి అసలు దొంగ షుగరే.

వైరల్ జ్వరం తగ్గిన కొద్ది రోజులకి కాళ్ళలో బలం పోతోందంటే?

ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. పాదాల్లో తిమ్మిరి మొదలై, కాళ్ళ బలం తగ్గి, అది రోజురోజుకీ పైకి పాకుతుంటే గిలాన్ బారే సిండ్రోమ్ కావచ్చు. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగినప్పుడు అందరూ ఈ పేరు విన్నారు. ఊపిరి కండరాల దాకా వెళితే వెంటిలేటర్ కావాలి. సమయానికి వెళితే ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో, ప్లాస్మా మార్పిడితో చాలామంది లేచి నడుస్తారు.

టీకా ఉందా?

ఉంది. షింగ్రిక్స్, మన దేశంలోకి 2023లో వచ్చింది. యాభై దాటినవాళ్ళకి రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో. పరీక్షల్లో యాభై దాటినవాళ్ళలో సర్పిని 97 శాతం దాకా ఆపింది, డెబ్బై దాటినవాళ్ళలో 90 శాతం దాకా. ఇందులో బతికున్న వైరస్ లేదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్ళునొప్పులు, జ్వరం రావచ్చు. ఒకసారి సర్పి వచ్చినవాళ్ళూ తగ్గాక వేయించుకోవచ్చు, మళ్ళీ రాదన్న హామీ లేదు కాబట్టి. ఉన్న నొప్పిని మాత్రం టీకా తగ్గించదు. ధర ఎక్కువ, పింఛను మీద బతికేవాళ్ళకి రెండు డోసులూ భారమే. అందరికీ వేయించుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. షుగరు ఉండి, అరవై దాటి, కొడుకులు సంపాదిస్తున్న ఇళ్ళలో మాత్రం గట్టిగానే చెబుతాను.

ముప్పై ఏళ్ళవాడికి సర్పి వస్తే?

రావచ్చు, ఏమీ లేకపోయినా రావచ్చు. ఎందుకైనా మంచిదని డాక్టర్లు షుగరు, హెచ్ఐవీ పరీక్ష రాస్తారు. అనుమానించి రాసినట్టు కాదు, చేయించుకోండి.

ఎప్పటికి తగ్గుతుంది? ఇంట్లో వాళ్ళు విసుక్కుంటున్నారు.

ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ మెల్లగా తగ్గుతుంది, ఏడాది లోపు చాలామంది బయటపడతారు. కొందరికి ఏళ్ళు. ఈ నొప్పి రాత్రి పెరుగుతుంది, ఒంటరిగా కూర్చుంటే పెరుగుతుంది. నిద్ర లేక, ఎవరూ నమ్మక, "ఈ బతుకెందుకు" అనేదాకా వెళ్ళినవాళ్ళని చూశాను. ఆ మాట పెద్దవాళ్ళ నోట వచ్చినప్పుడు చాదస్తం అని తీసిపారేయకండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోను సాయం, టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

నొప్పి తగ్గింది. మాత్రలు ఆపేయవచ్చా?

ఒక్కసారిగా వద్దు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ హఠాత్తుగా మానేస్తే నిద్ర పట్టదు, చెమటలు పడతాయి, గుండె దడ, కొందరికి ఫిట్స్ కూడా. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి మెట్టుమెట్టుగా దిగాలి. మా అమ్మకి పధ్నాలుగో నెలలో తగ్గించడం మొదలుపెట్టాం. ఒక మెట్టు దిగగానే మంట మళ్ళీ తలెత్తితే పాత మెట్టు మీదే ఇంకో నెల ఆగేవాళ్ళం. చివరి మాత్ర ఆపేసిన వారానికి చూస్తే ఆ స్ట్రిప్పు దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన ఉంది. ఇంకెందుకే అన్నాను. "ఉండనీరా, దాని దారిన అదుంటాది" అంది. గడువు తేదీ దాటాక నేనే తీసి పారేశాను. మీరూ గడువు తేదీ చూసుకోండి.